క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోకి సంక్లిష్ట అసెంబ్లీల దిగుమతి

ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో రూపొందిన, అనేక భాగాలు కూడిన త్రిమితీయ నమూనాను మరో సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని, దాని ఆధారంగా తర్వాతి డిజైన్ పని సాగించే ప్రక్రియను అసెంబ్లీ దిగుమతి అంటారు. విమానాలు, కార్లు, పంపులు, ప్యాకింగ్ యంత్రాలు వంటివి సాధారణంగా ఏ ఒక్క సంస్థలోనూ పూర్తిగా తయారు కావు. మోటారు ఒకరిది, గేర్‌బాక్స్ ఇంకొకరిది, వాటిని మోసే చట్రం మరొకరిది. ఎవరి సాఫ్ట్‌వేర్ వారిది. చట్రం గీసే డిజైనర్‌కు మోటారు, గేర్‌బాక్స్ నమూనాలు చేతిలో ఉండాలి. బోల్టు రంధ్రాలు ఎక్కడున్నాయి, షాఫ్టు ఎంత ఎత్తున ఉంది, స్పానర్ తిప్పడానికి చోటు మిగులుతుందా అనేవి ఆ నమూనాల్లోనే చూసుకోవాలి.

ఫైలు తెరుచుకున్నంత మాత్రాన దిగుమతి పూర్తయినట్టు కాదు. తెర మీద బొమ్మ నిక్షేపంగా కనిపిస్తున్నా, ఘనవస్తువుగా రావలసింది అతుకులు విడిపోయిన ఉపరితలాల గుంపుగా వచ్చి ఉండవచ్చు. వందల భాగాలు ఒకే ముద్దగా కలిసిపోయి ఉండవచ్చు. భాగాల మధ్య సంబంధాలు ఊడిపోయి ఉండవచ్చు. దిగుమతిలో ఏమేమి వస్తాయి, ఏవి రావు, రానివాటిని ఎలా భర్తీ చేసుకోవాలి అన్నవే ఈ రంగంలో అసలు ప్రశ్నలు.

అసెంబ్లీ నమూనాలో ఉండే సమాచారం

అసెంబ్లీ నమూనాలో సమాచారం పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికీ అడుగున ఉండేది జ్యామితి: తలాలు, స్తూపాలు, శంకువులు, గోళాలు, స్వేచ్ఛగా వంపు తిరిగే బీ-స్ప్లైన్ ఉపరితలాలు. దాని మీది పొర టోపాలజీ: ఏ ఉపరితలం ఏ అంచు దగ్గర దేనితో కలుస్తుంది, లోపలి వైపు ఏది, బయటి వైపు ఏది అన్న వివరం. ఈ రెండూ కలిస్తే వస్తువు హద్దులు పూర్తిగా నిర్ణయమవుతాయి. ఈ పద్ధతిని బౌండరీ రిప్రజెంటేషన్, క్లుప్తంగా బీ-రెప్ అంటారు. 1970లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఇయన్ బ్రెయిడ్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ బామ్‌గార్ట్ విడివిడిగా దీనికి పునాదులు వేశారు.

మూడో పొర భాగాల చెట్టు. యంత్రం కింద సబ్ అసెంబ్లీలు, వాటి కింద పార్టులు వరుసగా ఉంటాయి. ఒకే ఎం8 బోల్టు యంత్రంలో 400 చోట్ల ఉంటే, మంచి నమూనాలో బోల్టు ఆకృతి ఒక్కసారే నమోదై, 400 స్థానాలు విడిగా ఉంటాయి. ప్రతి స్థానాన్నీ 12 సంఖ్యలు చెబుతాయి: భాగం ఎటు తిరిగి ఉందో చెప్పేవి తొమ్మిది, మూలబిందువు నుంచి ఎంత జరిగి ఉందో చెప్పేవి మూడు.

నాలుగో పొరలో భాగాల మధ్య నియమాలు ఉంటాయి. ఈ షాఫ్టు ఆ బేరింగ్‌తో ఒకే అక్షం మీద ఉండాలి, ఈ ఫ్లాంజి ఆ ఫ్లాంజికి ఆనుకుని ఉండాలి అని చెప్పే వీటిని మేట్లు, కన్‌స్ట్రెయింట్లు అంటారు. అయిదో పొర ఫీచర్ చరిత్ర: ముందు ఏ స్కెచ్ గీశారు, దాన్ని ఎంత ఎత్తుకు లేపారు, ఎక్కడ రంధ్రం చేశారు, ఏ మూలకు ఎంత ఫిల్లెట్ ఇచ్చారు అన్న క్రమం. వీటికి తోడు కొలతల టాలరెన్సులు, ఉపరితల నునుపు, పదార్థం, పార్టు నంబరు, రివిజన్ వంటి వివరాలు ఉంటాయి.

దిగుమతిలో కింది మూడు పొరలూ సాధారణంగా నిలుస్తాయి. పై రెండూ సాధారణంగా పోతాయి. నమూనాలో డిజైనర్ ఆలోచన నమోదై ఉండేది ముఖ్యంగా ఆ పై రెండింటిలోనే. తర్వాత పడే శ్రమంతా దాదాపు ఈ నష్టం చుట్టూనే తిరుగుతుంది.

కెర్నళ్లు, టాలరెన్సులు

ప్రతి క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కూ లోపల జ్యామితి లెక్కలు చేసే ఇంజిన్ ఒకటి ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. కేంబ్రిడ్జ్‌లోని షేప్ డేటా సంస్థలో పుట్టి ఇప్పుడు సీమెన్స్ చేతిలో ఉన్న పారాసాలిడ్ ఆధారంగా ఎన్‌ఎక్స్, సాలిడ్‌వర్క్స్, సాలిడ్ ఎడ్జ్, ఆన్‌షేప్ పనిచేస్తాయి. బ్రెయిడ్, ఆయన సహచరులు 1980ల చివర రూపొందించిన ఏసిస్ ఇప్పుడు దస్సో సిస్టమ్స్ పరిధిలో ఉంది. ఆటోడెస్క్ వాడే షేప్‌మేనేజర్ ఏసిస్ నుంచి 2001లో చీలిన శాఖ. కేటియాకూ, పీటీసీ సంస్థ క్రియోకూ సొంత కెర్నళ్లున్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన మాత్రా డేటావిజన్ 1999లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఓపెన్ క్యాస్కేడ్ మీద ఫ్రీక్యాడ్ నడుస్తుంది.

రెండు సాఫ్ట్‌వేర్ల కెర్నల్ ఒకటే అయితే బదిలీ సులువు. సాలిడ్‌వర్క్స్ నుంచి సాలిడ్ ఎడ్జ్‌కు పారాసాలిడ్ ఫైలు పంపితే జ్యామితిని అనువదించాల్సిన పనే ఉండదు. కెర్నళ్లు వేరైనప్పుడు మొదట అడ్డొచ్చేది ఖచ్చితత్వం. వంపు తిరిగిన రెండు ఉపరితలాలు కలిసే రేఖను చాలా సందర్భాల్లో ఖచ్చితమైన సూత్రంగా రాసుకోవడం ఆచరణలో సాధ్యం కాదు. రెండు బైక్యూబిక్ ఉపరితలాలు ఖండించుకునే వక్రరేఖ బీజగణితం ప్రకారం 324వ డిగ్రీ దాకా వెళ్తుంది. అందుకే ప్రతి కెర్నలూ ఆ రేఖకు దగ్గరగా ఉండే సులువైన రేఖను నిల్వ చేసి, ఇంత తేడా ఉన్నా కలిసినట్టే లెక్క అని ఒక హద్దు పెట్టుకుంటుంది.

పారాసాలిడ్‌లో ఆ హద్దు 0.00001 మిల్లీమీటరు. కేటియా వీ5లో 0.001 మిల్లీమీటరు. అంటే కేటియాలో మూసుకున్నట్టు లెక్కకొచ్చిన అంచు, దానికి వందో వంతు హద్దు ఉన్న పారాసాలిడ్‌లో చీలికగా తేలవచ్చు. అటు గీసినవారి తప్పు లేదు, ఇటు తెరిచినవారి తప్పూ లేదు. రెండు లెక్కల పద్ధతుల మధ్య తేడా అది. దీన్ని సర్దడానికే పారాసాలిడ్‌లో కొన్ని అంచులకు మాత్రం ఎక్కువ వదులు ఇచ్చే ఏర్పాటు ఉంది.

తటస్థ ఫార్మాట్ల చరిత్ర

1970ల చివరికి అమెరికా పరిశ్రమలో ఒకదాని ఫైలు మరొకటి చదవలేని క్యాడ్ వ్యవస్థలు చాలా వచ్చేశాయి. 1979లో బోయింగ్, జనరల్ ఎలక్ట్రిక్, ఆనాటి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ కలిసి ఒక ఉమ్మడి ఫార్మాట్ పని మొదలుపెట్టాయి. 1980లో వెలువడిన ఆ ఫార్మాటే ఐజీఈఎస్. మరుసటి ఏడాది అది అమెరికా జాతీయ ప్రమాణమైంది. పంచ్ కార్డుల నాటి అలవాటుతో అందులో ప్రతి వరుసకూ 80 అక్షరాలు ఉంటాయి. మొదట్లో అది గీతలకూ వైర్‌ఫ్రేమ్‌లకూ పనికొచ్చేది, తర్వాత ఉపరితలాలనూ ఘనవస్తువులనూ చేర్చారు. అయితే ఆచరణలో ఎక్కువ సాఫ్ట్‌వేర్లు విడివిడి ఉపరితలాలనే రాసేవి. వాటిని అందుకున్నవారు మళ్లీ కుట్టుకోవాల్సి వచ్చేది. అసెంబ్లీ చెట్టు కూడా సరిగా నిలిచేది కాదు. 1996 నాటి 5.3 కూర్పుతో దాని అభివృద్ధి ఆగిపోయింది.

అదే కాలంలో జర్మనీ కార్ల పరిశ్రమ వీడీఏ-ఎఫ్‌ఎస్‌ను, ఫ్రాన్స్ విమాన సంస్థ ఏరోస్పాసియాల్ సెట్‌ను తయారుచేసుకున్నాయి. దేశానికో ఫార్మాట్ పుట్టుకొస్తుండటంతో 1984లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఆధ్వర్యంలో ఉమ్మడి ప్రయత్నం మొదలైంది. పదేళ్ల చర్చల తర్వాత 1994లో ఐఎస్‌ఓ 10303 తొలి భాగాలు ప్రచురితమయ్యాయి. దీన్నే అందరూ స్టెప్ అంటారు.

స్టెప్ ప్రమాణం

ఆకృతితో పాటు ఉత్పత్తిని గురించిన సమాచారాన్నంతా ఒకే వ్యాకరణంలో చెప్పాలన్నది స్టెప్ లక్ష్యం. అందుకోసం ఎక్స్‌ప్రెస్ అనే ప్రత్యేక భాషలో డేటా నిర్మాణాన్ని నిర్వచించారు. రంగాన్ని బట్టి ఏయే సమాచారం ఉండాలో చెప్పే నియమావళులను అప్లికేషన్ ప్రోటోకాళ్లు అంటారు. ఏపీ203 విమాన, రక్షణ పరిశ్రమల్లో, ఏపీ214 కార్ల పరిశ్రమలో పాతుకుపోయాయి. ఏపీ203 తొలి కూర్పులో రంగులు లేవు, ఏపీ214లో ఉన్నాయి. కార్ల రంగానికి సంబంధం లేనివారు కూడా ఏపీ214 ఎంచుకోవడానికి ఇదొక కారణం. 2014లో ఈ రెంటినీ కలిపి ఏపీ242 వచ్చింది. మనిషి చదువుకునే బొమ్మగానే కాక, యంత్రం అర్థం చేసుకునే డేటాగా కూడా టాలరెన్సులను పంపే వీలు అందులో ఉంది. 2020లో రెండో కూర్పు, 2022లో మూడో కూర్పు వెలువడ్డాయి.

స్టెప్ ఫైలు మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. మొదటి భాగంలో ఏ సాఫ్ట్‌వేర్ రాసింది, ఎప్పుడు రాసింది, ఏ ప్రోటోకాల్ అన్న వివరాలుంటాయి. రెండో భాగంలో సంఖ్యలు వేసిన వాక్యాలుంటాయి, ఒక్కో వాక్యం ఒక బిందువునో రేఖనో ఉపరితలాన్నో చెబుతుంది. నెక్స్ట్ అసెంబ్లీ యూసేజ్ అకరెన్స్ అనే వాక్యం ఏ భాగం దేని కింద ఉందో చెబుతుంది. చెట్టు సరిగా రానప్పుడు, ఫైలులో ఈ వాక్యాలు ఉన్నాయో లేదో వెతికితే దోషం పంపినవారిదా తెరిచిన సాఫ్ట్‌వేర్‌దా అన్నది చాలా మటుకు తేలిపోతుంది. ఫైలులో అవి లేకపోతే ఎన్నిసార్లు తెరిచినా చెట్టు రాదు, మళ్లీ పంపమని అడగాల్సిందే.

పేర్ల విషయంలోనూ ఒక చిక్కుంది. పాత ఫైళ్లలో ఆంగ్లేతర అక్షరాలను ప్రత్యేక సంకేతాలుగా మార్చి రాయాలి. ఆ పని సరిగా చేయని సాఫ్ట్‌వేర్లలో జర్మన్, జపనీస్ పార్టు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తాయి. 2016 నాటి కొత్త నియమం యూటీఎఫ్-8 అక్షరాలను నేరుగా అనుమతించింది.

ఇతర మార్గాలు

పెద్ద అసెంబ్లీలను త్వరగా చూడటానికి జేటీ ఫార్మాట్ ప్రసిద్ధం. ఇది 2012లో ఐఎస్‌ఓ 14306 ప్రమాణమైంది. ఇందులో తేలికైన త్రిభుజాల రూపం, ఖచ్చితమైన బీ-రెప్ రూపం రెండూ ఉండవచ్చు. కార్ల సంస్థలు మొత్తం వాహనాన్ని తెర మీద పరిశీలించడానికి దీన్ని వాడతాయి.

త్రీడీ ప్రింటింగ్‌కు వాడే ఎస్‌టీఎల్‌లో త్రిభుజాలు తప్ప మరేమీ ఉండవు. గుండ్రని రంధ్రం అందులో పలకల బహుభుజిగా మారిపోతుంది. దాని అక్షాన్ని పట్టుకుని బోల్టు పెట్టడం కుదరదు. ఫైలులో యూనిట్లు కూడా ఉండవు. తర్వాతి డిజైన్ పనికి ఎస్‌టీఎల్ అసెంబ్లీని అడగకపోవడమే మంచిది.

మరో మార్గం, అవతలి సాఫ్ట్‌వేర్ సొంత ఫైలునే నేరుగా చదవడం. సాలిడ్‌వర్క్స్ 2017లో తెచ్చిన త్రీడీ ఇంటర్‌కనెక్ట్, ఆటోడెస్క్ ఇన్వెంటర్‌లోని ఎనీక్యాడ్ ఈ తరహావి. అసలు ఫైలుతో లింకు ఉంటుంది కాబట్టి అవతల మార్పు జరిగితే ఇవతల నవీకరించుకోవచ్చు. అయితే అవతలి సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, ఇవతలిది దాన్ని చదవడం నేర్చుకునేదాకా ఆగాలి.

దిగుమతి జరిగే క్రమం

స్టెప్ ఫైలును తెరవమన్నప్పుడు సాఫ్ట్‌వేర్ ముందు వాక్యాలన్నిటినీ చదివి, సంఖ్యల ఆధారంగా వాటి మధ్య సంబంధాలు కలుపుతుంది. తర్వాత ప్రతి ఉపరితలాన్నీ తన కెర్నల్ అర్థం చేసుకునే రూపంలోకి మారుస్తుంది. ఆపై ఉపరితలాలను అంచుల వెంట కుట్టి మూసిన ఘనవస్తువు చేస్తుంది. మూసుకుందో లేదో పరీక్షించి, చివరికి చెట్టును నిర్మించి ఒక్కో భాగాన్నీ దాని చోట కూర్చోబెడుతుంది.

ఈ దశల్లో డిజైనర్ తేల్చుకోవలసినవి కొన్ని దిగుమతి సెట్టింగుల్లోనే ఉంటాయి. అసెంబ్లీని అసెంబ్లీగా తేవాలా, లేక అనేక సాలిడ్లున్న ఒకే పార్టుగా తేవాలా? భాగాలను విడి ఫైళ్లుగా డిస్క్‌లో రాయాలా, లోపలే ఉంచాలా? కొనుగోలు చేసే గేర్‌మోటారు లాంటిదాన్ని ఒకే పార్టుగా తెస్తే చాలు. అందులోని పినియన్‌నో కవర్‌నో మార్చాల్సి ఉంటే అసెంబ్లీగానే తేవాలి. ఈ నిర్ణయం మొదట్లోనే తీసుకోకపోతే తర్వాత పని రెట్టింపవుతుంది.

తరచుగా వచ్చే లోపాలు

మొదటిది చీలిక. రెండు ఉపరితలాల మధ్య కంటికి కనపడని ఖాళీ ఉంటే వస్తువు మూసుకోదు. మూసుకోని వస్తువుకు ఘనపరిమాణం ఉండదు, కాబట్టి బరువు రాదు. దాన్నుంచి ఏదైనా కోయడం గానీ దానికి కలపడం గానీ విఫలమవుతుంది.

రెండోది నలిగిన ఉపరితలం. తనను తానే ఖండించుకునేవి, తల వెంట్రుకంత సన్నగా సాగినవి, లోపలి వైపు బయటికి తిరిగినవి ఈ కోవలోవి. ఫిల్లెట్లు కలిసే మూలల్లో ఇవి ఎక్కువ.

మూడోది యూనిట్ల పొరపాటు. మిల్లీమీటర్లలో ఉన్నదాన్ని అంగుళాలుగా చదివితే పొడవు 25.4 రెట్లవుతుంది, ఘనపరిమాణం దాదాపు 16,387 రెట్లవుతుంది. స్టెప్‌లో యూనిట్లు రాసే ఉంటాయి కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. యూనిట్లు రాసి ఉండని ఫార్మాట్లలోనూ, పాత ఫైళ్లలోనూ జాగ్రత్తగా ఉండాలి.

నాలుగోది స్థానాల సమస్య. కార్లు, విమానాల నమూనాల్లో చాలా సంస్థలు ప్రతి భాగాన్నీ మొత్తం వాహనపు మూలబిందువు నుంచే గీస్తాయి. విమానం తోక భాగాన్ని విడిగా తెరిస్తే అది మూలబిందువు నుంచి పదుల మీటర్ల దూరంలో తేలుతుంది. ఇది లోపం కాదు, వారి పద్ధతి. దాన్ని తెలియక భాగాలను మూలబిందువుకు జరిపినవారు, తర్వాత వచ్చే కొత్త రివిజన్లను పాతవాటితో సరిపోల్చుకోలేరు.

అయిదోది చెట్టు చెదరడం. ఒకే బోల్టు 400 చోట్ల ఉన్నప్పుడు, పంపిన సాఫ్ట్‌వేర్ దాన్ని 400 వేర్వేరు పార్టులుగా రాస్తే ఫైలు పరిమాణం ఉబ్బుతుంది, భాగాల జాబితా పనికిరాకుండా పోతుంది.

మరమ్మతు

చాలా సాఫ్ట్‌వేర్లలో దిగుమతి పరీక్ష, హీలింగ్ పనిముట్లు ఉంటాయి. అవి చీలికలను మూస్తాయి, పాడైన ఉపరితలాన్ని తొలగించి చుట్టుపక్కలవాటిని సాగదీసి ఖాళీ నింపుతాయి, దాదాపు స్తూపంలా ఉన్న బీ-స్ప్లైన్‌ను నిజమైన స్తూపంగా మారుస్తాయి. చిన్న లోపాలకు ఇవి చాలు.

పెద్ద లోపాల్లో యంత్రం చేసే మరమ్మతును గుడ్డిగా నమ్మకూడదు. అంచును మూయడానికి సాఫ్ట్‌వేర్ ఉపరితలాన్ని కొద్దిగా జరపవచ్చు. అదే ఉపరితలం బేరింగ్ కూర్చునేదైతే, ఆ కొద్ది జరుగుడే కొంప ముంచుతుంది. అనుభవజ్ఞులు పాటించే వరుస ఇది: ముందు పంపినవారిని వేరే ఫార్మాట్‌లోనో, వేరే ప్రోటోకాల్‌తోనో మళ్లీ పంపమని అడగాలి. కుదరకపోతే హీలింగ్ వాడాలి. అదీ కుదరకపోతే పాడైన ముఖాన్ని తీసేసి చేత్తో గీయాలి. ఒక భాగం మరీ చెడిపోయి, అది సాదాసీదా బ్రాకెట్ లాంటిదైతే, కొలతలు తీసుకుని కొత్తగా గీయడమే తొందరగా అయ్యే పని.

బరువు తగ్గించడం

వేల భాగాల అసెంబ్లీని ఉన్నదున్నట్టు మోయడం అనవసరం. చట్రం గీసేవారికి గేర్‌బాక్స్ లోపలి పళ్ల చక్రాలు అక్కర్లేదు, బయటి రూపం, బిగింపు రంధ్రాలు, షాఫ్టు, నూనె మార్చే చోటు ఉంటే చాలు. బయటి తొడుగును మాత్రమే ఉంచి లోపలిదంతా తీసేసే పద్ధతిని ష్రింక్‌ర్యాప్ అంటారు. ఇది పంపేవారి రహస్యాలను కూడా కాపాడుతుంది. లోపలి డిజైన్ బయటపెట్టకుండా బయటి రూపం మాత్రమే ఇచ్చే అలవాటు పరిశ్రమలో విస్తృతంగా ఉంది.

బోల్టుల మీద నిజంగా గీసిన మరలు అనవసర భారంలో ముందు వరుసలో ఉంటాయి. ఒక్కో మర ఎన్నో వంపు ఉపరితలాలను మోస్తుంది. మరల స్థానంలో నున్నటి స్తూపం పెడితే డిజైన్‌కు నష్టం లేదు, తెర మాత్రం చురుగ్గా తిరుగుతుంది. అచ్చు వేసిన అక్షరాలు, లోగోలు, స్ప్రింగులు, రోలర్లు కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

అయితే తీసేయకూడనివి కూడా ఉన్నాయి. బిగింపు రంధ్రాలు, ఆనుకునే ముఖాలు, తిరిగే భాగాల పూర్తి వ్యాప్తి, తీసి పెట్టేందుకు వదలవలసిన ఖాళీ ఉంచాలి. మూల ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, తేలిక చేసిన ప్రతిని వేరే పేరుతో ఉంచుకోవడం తప్పనిసరి.

దిగుమతి తర్వాతి డిజైన్

ఫీచర్ చరిత్ర లేకుండా వచ్చిన ఆకృతిని డంబ్ సాలిడ్ అంటారు. దాని మీద పని చేయడానికి మూడు దారులున్నాయి. మొదటిది డైరెక్ట్ మోడలింగ్: ముఖాన్ని పట్టుకుని లాగడం, రంధ్రాన్ని జరపడం, ఫిల్లెట్‌ను చెరిపేయడం. 2007లో వచ్చిన స్పేస్‌క్లెయిమ్, 2008లో సీమెన్స్ ప్రవేశపెట్టిన సింక్రనస్ టెక్నాలజీ ఈ దారిని బలపరిచాయి. రెండోది ఫీచర్ గుర్తింపు: ఆకృతిని చూసి ఇది రంధ్రం, ఇది ఎక్స్‌ట్రూడ్ అని సాఫ్ట్‌వేర్ ఊహించి చరిత్రను తిరిగి కట్టడం. యంత్రాల మీద కోసే పెట్టె ఆకారపు భాగాలకు ఇది బాగా పనిచేస్తుంది. పోత పోసిన వంపుల భాగాలకు అంతగా పనికిరాదు. మూడోది, వచ్చినదాన్ని ముట్టుకోకుండా ఆధారంగా మాత్రమే ఉంచుకుని దాని చుట్టూ కొత్త భాగాలు గీయడం.

ఎక్కువ పనుల్లో మూడో దారే నిలకడైనది. అయితే అందులో ఒక మెలకువ ఉంది. కొత్త బ్రాకెట్‌ను దిగుమతి అయిన మోటారు ముఖానికే మేట్ చేస్తే, రేపు మోటారు సరఫరాదారు కొత్త రివిజన్ పంపినప్పుడు ఆ ముఖపు అంతర్గత గుర్తింపు మారిపోయి మేట్లన్నీ తెగిపోతాయి. అందుకు బదులుగా ముఖ్యమైన అక్షాలు, ఆనుకునే తలాలను డిజైనర్ తన సొంత అస్థిపంజర నమూనాలో గీసుకోవాలి. అటు మోటారునూ ఇటు బ్రాకెట్‌నూ వాటికే కట్టాలి. అప్పుడు కొత్త రివిజన్ వస్తే మోటారు ఒక్కదాన్ని మార్చుకుంటే సరిపోతుంది. సరఫరాదారు వేసిన పార్టు నంబరును, రివిజన్ అక్షరాన్ని దిగుమతి రోజే ఫైలు వివరాల్లో నమోదు చేయాలి.

ఎయిర్‌బస్ ఏ380 అనుభవం

ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధమైన గుణపాఠం ఎయిర్‌బస్ ఏ380 విమానం. దానిలో విద్యుత్ తీగల మొత్తం పొడవు సుమారు 530 కిలోమీటర్లు. జర్మనీలోని హాంబర్గ్ బృందం కేటియా నాలుగో తరాన్ని, ఫ్రాన్స్‌లోని టూలూజ్ బృందం అయిదో తరాన్ని వాడాయి. పేరు ఒకటే అయినా అయిదో తరం దాదాపు కొత్తగా రాసిన సాఫ్ట్‌వేర్. తీగల కట్టలకు సంబంధించిన సమాచారం ఒకదాన్నుంచి మరోదానికి పూర్తిగా ప్రవహించలేదు. ఒక చోట జరిగిన మార్పులు మరో చోటి నమూనాలోకి సకాలంలో చేరలేదు. హాంబర్గ్‌లో తీగలు అమర్చిన విభాగాలు టూలూజ్‌లో కూర్పుకు వచ్చాక కట్టలు సరిపోలేదు.

2005 ఏప్రిల్ 27న తొలిసారి ఎగిరిన ఆ విమానం మొదటి కొనుగోలుదారైన సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి 2007 అక్టోబర్ 15న చేరింది. ఆలస్యం దాదాపు రెండేళ్లు. దీనివల్ల 2010 నాటికి లాభాల్లో 480 కోట్ల యూరోల కోత పడుతుందని మాతృసంస్థ ఈఏడీఎస్ 2006లో ప్రకటించింది. తీగల పని సంక్లిష్టత, నిర్వహణ లోపాలు కూడా ఇందులో కారణాలే. అయినా ఉమ్మడి నమూనా లేకపోవడం నష్టాన్ని ఎంత పెంచగలదో ఈ ఉదంతం పరిశ్రమకంతా తెలియజెప్పింది. అంతకు పదేళ్ల ముందే బోయింగ్ 777ను పూర్తిగా కేటియాలో త్రిమితీయంగా డిజైన్ చేసి, భాగాలు ఒకదానికొకటి తగులుతున్నాయో లేదో కంప్యూటర్‌లోనే చూసుకోగలిగారు.

మామూలు సరఫరా గొలుసుల్లోనూ నష్టం తక్కువేం కాదు. నమూనాల మార్పిడి సరిగా జరగకపోవడం వల్ల అమెరికా కార్ల సరఫరా వ్యవస్థకు ఏడాదికి కనీసం 100 కోట్ల డాలర్ల ఖర్చవుతోందని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ చేయించిన అధ్యయనం 1999లో అంచనా వేసింది. అందులో అధిక భాగం పాడైన ఫైళ్లను సరిచేయడానికీ, మళ్లీ గీయడానికీ పోయే ఖర్చే.

ధ్రువీకరణ, దీర్ఘకాల నిల్వ

దిగుమతి సరిగా జరిగిందని చెప్పడానికి కంటిచూపు చాలదు. పంపేవారు ప్రతి భాగపు ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం, గురుత్వ కేంద్రం ఫైలులోనే రాసి పంపితే, తెరిచినవారు తమ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ లెక్కించి పోల్చుకోవచ్చు. స్టెప్‌లో దీనికి ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఈ మూడూ సరిపోతే ఆకృతి చెక్కుచెదరలేదని గట్టిగా నమ్మవచ్చు. ఆ ఏర్పాటు వాడనప్పుడు కనీసం భాగాల సంఖ్య, మొత్తం కొలతలు, కొన్ని కీలక రంధ్రాల మధ్య దూరాలు సరిచూడాలి.

విమానం నాలుగైదు దశాబ్దాలు సేవలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ వెర్షన్ అన్నాళ్లు ఉండదు. ఈ సమస్య కోసం విమాన పరిశ్రమ లోటార్ పేరుతో నిల్వ ప్రమాణాలను రూపొందించింది. అవి స్టెప్ మీద, పైన చెప్పిన ధ్రువీకరణ లెక్కల మీద ఆధారపడ్డాయి.

తెలుగు రాష్ట్రాల్లో

తెలుగు నేల మీద ఈ పని మూడు దశాబ్దాలకు పైగా సాగుతోంది. 1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, 2014 నుంచి సైయెంట్ పేరుతో విదేశీ విమాన, రైలు పరిశ్రమలకు ఇంజినీరింగ్ సేవలు అందిస్తోంది. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో 2018లో ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలాజ్‌లు తయారవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు కార్ల కర్మాగారాలున్నాయి. ఇలాంటి చోట్ల డిజైన్ ఒక దేశంలో, తయారీ మరో దేశంలో జరుగుతుంది. జిగ్గులు, ఫిక్స్చర్లు, అచ్చులు గీసే చిన్న సంస్థల పని తరచుగా బయటినుంచి వచ్చిన ఫైలు తెరవడంతోనే మొదలవుతుంది.

ఖాళీ స్కెచ్‌తో ఒక పార్టు గీయడం వచ్చినంత మాత్రాన విద్యార్థి ఈ పనికి సిద్ధమైనట్టు కాదు. సాధన చేయడానికి ఖర్చు కూడా అక్కర్లేదు. 2024 నవంబర్‌లో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0లో అసెంబ్లీ విభాగం లోపలే ఉంది, అది స్టెప్ ఫైళ్లను చదువుతుంది. ఎన్‌ఐఎస్‌టీ తన పరీక్షా నమూనాలను, స్టెప్ ఫైలును విశ్లేషించే పనిముట్టును ఉచితంగా ఇస్తోంది. డిజైన్ నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థీ ఎవరో గీసిన అసెంబ్లీని ఒకదాన్ని తెచ్చుకుని, లోపాలు వెతికి, తేలిక చేసి, దానికి సరిగ్గా అమరే ఒక కొత్త భాగం గీసి చూడాలి. పనిచేసే బృందాలు ఫార్మాట్, ప్రోటోకాల్, యూనిట్లు, మూలబిందువు, సరిచూసుకునే లెక్కలు అనే అయిదింటి మీద తొలి ఫైలు చేతులు మారకముందే రాతపూర్వకంగా ఒప్పందానికి రావాలి.